రెండోసారి కూడా వస్తే

గుణింతం టీచరు చేతి కింద ఒకటో తరగతి తప్పిన పిల్లవాడు లేడు. ఈ మాట ఆవిడ చెప్పుకోదు, చుట్టుపక్కల నాలుగు వీధులూ చెబుతాయి. "వీడి బుర్రలో ఉన్నది మట్టే" అని మిగతా మాస్టర్లు చేతులెత్తేసిన వాళ్లను కూడా ముందు బెంచీలో కూర్చోబెట్టి, క కా కి కీ అని నూరిపోసి, నోరు తిరిగేదాకా వదలని మనిషి. పాఠం అయ్యాక "వచ్చిందా?" అని అడిగేది. "వచ్చింది టీచర్" అనాలి. రాకపోతే బడిగంట కొట్టినా ఇంటికి పంపేది కాదు. పిల్లలు లోపల తిట్టుకునేవారు, తల్లులు బయట దండం పెట్టేవారు. ఉద్యోగం దిగిపోయినా ఆ బుద్ధి మాత్రం దిగిపోలేదు. కూరలమ్మే మనిషి కూడిక తప్పితే అక్కడే నిలబెట్టి మళ్లీ మొదటినుంచి చెప్పించేది.

ఆవిడ భర్త బోర్డులు రాసేవాడు. అసలు వాళ్ల పరిచయమే ఒక తప్పు దగ్గర మొదలైంది. బడి గోడ మీద ఆయన "పాఠశాల" అని రాయబోయి ఠ బదులు ట రాశాడు. ఆవిడ అప్పటికి కొత్తగా చేరిన టీచరమ్మ. నిచ్చెన దిగి డబ్బాలు సర్దుకుంటున్న మనిషిని మళ్లీ నిచ్చెన ఎక్కించింది. "ఇన్ని తప్పులు పట్టే మనిషి ఇంట్లోనే ఉంటే నా వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలు అవుతుంది" అన్నాడాయన, పైనుంచే. ఆవిడ ముఖం ఎర్రబడింది. పెళ్లి అయ్యాక ఆయన రాసిన ప్రతి బోర్డునూ ముందు ఆవిడ చూడాలి, ఆ తరువాతే రంగు ఆరాలి. పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి బాధపడే తీరిక బడిపిల్లలు ఆవిడకు ఎన్నడూ ఇవ్వలేదు.

అలాంటి ఆయన ఒకరోజు ఆవిడకు చూపించకుండానే బట్టల కొట్టు బోర్డులో ల మింగేశాడు. "బట్ట కొట్టు" అని రాసి, కింద చక్కగా పువ్వు కూడా వేసి వచ్చాడు. కొట్టు యజమాని నవ్వేశాడు గనక సరిపోయింది. ఇంకో రోజు ఈయన కుంచెను కాఫీ గ్లాసులో ముంచి, తానే పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. కానీ ఇస్త్రీ బండి అతను ఒకనాటి సాయంత్రం వచ్చి, "టీచరుగారూ, మీ ఆయనకి హాస్యం ఎక్కువైపోయిందండీ. నిచ్చెన భుజాన వేసుకొచ్చి, బోర్డులు రాసే ఆయన ఇల్లెక్కడ అని నన్నే అడిగాడు" అన్నప్పుడు మాత్రం ఆవిడకు నవ్వు రాలేదు. మర్నాడే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు పరీక్షించి, ఇది మతిమరుపు జబ్బే, ఇంకా తొలిదశలో ఉంది అన్నాడు. ఇప్పుడున్న మందులు పరుగును నడక చేస్తాయిగానీ ఆపవు అని కూడా అన్నాడు. అయితే ఒక పరిశోధన కేంద్రంలో మనస్తత్వ నిపుణులూ వైద్యులూ కలిసి కొత్త చికిత్స మొదలుపెడుతున్నారట. మందుతో పాటు వారం వారం జ్ఞాపకశక్తికి కసరత్తు. తొలిదశలో ఉన్నవాళ్లనే తీసుకుంటారు, అదీ కొద్దిమందినే. "మీ ఆయనకి సరిగ్గా సరిపోతుందమ్మా. దశ దాటితే మళ్లీ దొరకదు" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఇక ఆవిడకు తిండీ నిద్రా అన్నీ ఆ కేంద్రమే.

కేంద్రంలో పరీక్ష పెట్టే గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఏమీ లేదు. గడియారం కూడా తీసేశారు, దాన్ని చూసి జవాబు చెబుతారని. ప్రశ్నలడిగే అమ్మాయి నెమ్మదస్తురాలు. మొదటిసారి గనక భార్యను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. అదే ఆవిడకు నరకమైంది.

"ఐదు మాటలు చెబుతాను సార్. కాసేపయ్యాక మళ్లీ అడుగుతాను. తాళం, మేఘం, గొడుగు, నాన్న, పసుపు."

కాసేపయ్యాక ఆయనకు గొడుగు ఒక్కటే గుర్తుంది. "గొడుగు ఉందంటే వాన ఉండాలి కదా... వాన" అన్నాడు. ఆవిడ గొంతులో మేఘం అడ్డంపడింది.

"క అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని వస్తే అన్ని చెప్పండి సార్."

"కలం. కత్తి. కడవ. కప్ప." ఆగాడు. "కాకి... ఊహూ, అది కా." బోర్డులు రాసే చెయ్యి కదా, ఆయనకు క వేరు, కా వేరు, రెంటికీ రంగు ఖర్చు వేరు. కుక్క నోటిదాకా వచ్చింది, కోడి వచ్చింది, కిటికీ వచ్చింది, అన్నిటినీ తలకట్టు లేదని వెనక్కి పంపేశాడు.

"అవి కూడా చెప్పొచ్చండీ!" అంది ఆవిడ, ఇక ఉండబట్టలేక.

"టీచరుగారూ, మీరు చెప్పకూడదండీ. మీరు అందిస్తే అది ఆయన జవాబు కాదు" అంది అమ్మాయి, కసరకుండానే. జీవితంలో మొదటిసారి తరగతి గదిలో గుణింతం టీచరుకు చీవాట్లు పడ్డాయి. నోరు మూసుకుంది. భర్త తల వంచుకుని బల్లమీద వేలితో క రాస్తున్నాడు. తన చేతిలో ఉన్న మనిషి, తన కళ్లముందు, ఒకటో తరగతి ప్రశ్నకు తప్పాడు.

అమ్మాయి వరండాలోకి వచ్చి చెప్పింది. "ఇంకో నెలకి మళ్లీ పిలుస్తామండీ. అప్పుడు వేరే అతను అడుగుతాడు. ఒక్కసారి కొలిచి నమ్మం కదా. రెండోసారి కూడా వస్తే తీసుకుంటాం."

ఆ అమ్మాయి ఉద్దేశం, రెండోసారి కూడా ఇంతే వస్తే అని. మార్కులు ఒక గీతకు కింద ఉంటేనే జబ్బు ఉన్నట్టు, ఉంటేనే చికిత్స. రోజూ చెప్పి చెప్పి ఆ పిల్లకు అది నోటి అలవాటు. కానీ ముప్ఫై ఏళ్లు "వచ్చిందా?" అని అడిగిన మనిషికి వస్తే అంటే ఒకటే అర్థం. ఎక్కాలు వస్తే, పద్యం వస్తే, పాఠం వస్తే. అంటే మొదటిసారి ఏదో కనికరించి వదిలేశారు, రెండోసారి మాత్రం జవాబులు వచ్చి తీరాలి. ఆవిడ "తప్పకుండా వస్తుందమ్మా, నాదీ పూచీ" అంది. అమ్మాయి కూడా, భార్య తప్పకుండా తీసుకొస్తానంటోంది అనుకుని తల ఊపింది. ఎవరి చెవి వాళ్లది.

ఆ నెల ఆ ఇల్లు బడి అయింది. వంటగది తలుపు మీద సుద్దముక్కతో రాతలు. కాఫీ కావాలంటే ఐదు మాటలు చెప్పాలి. స్నానానికి వేడినీళ్లు కావాలంటే క నుంచి కౌ దాకా ఒక్కో మాట చెప్పాలి. ఆయన మొదట గునిశాడు. "ఏంటే టీచరమ్మా, ముసలితనంలో నాకీ శిక్ష?"

"శిక్ష కాదండీ, శిక్షణ. చెప్పండి. కా?"

"కాఫీ."

"అది అడగడం. మాట చెప్పండి."

"అదీ మాటే!"

ఇద్దరూ నవ్వేవారు. నిజం చెప్పొద్దూ, ఆ నెలంతా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున తిన్నదేమిటో ఆయనకు గుర్తు లేకపోయినా, తాళం మేఘం గొడుగు నాన్న పసుపు మాత్రం నీళ్లు తాగినట్టు చెప్పేవాడు. కింద వాటాలో ఉండే ఆడపడుచు, టైలరు మిషను మీంచి తల ఎత్తి, "అన్నయ్య మళ్లీ మనుషుల్లో పడ్డాడు వదినా" అంది. పాపం, ఆడపడుచు మాత్రం ఏం చేస్తుంది, చూసిందే నమ్మింది.

రెండో పరీక్షకు భార్యను బయటే కూర్చోబెట్టారు. ఆయన నవ్వు ముఖంతో వచ్చాడు. "అన్నీ చెప్పేశానే. అతను రాసుకోలేకపోయాడు" అన్నాడు. ఆవిడ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరూ చూడకుండా ఆయన చెయ్యి నొక్కింది.

లోపలికి పిలిచింది కేంద్రం పెద్ద మేడమ్. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, సంతోషమైన వార్తలాగే చెప్పింది. "మీ ఆయన గీతకి చాలా పైన ఉన్నారమ్మా. మా లెక్క ప్రకారం ఆయనకి చికిత్స అక్కర్లేదు."

గుణింతం టీచరుకు ఆ వాక్యాన్ని ఎటునుంచి చదవాలో తెలియలేదు. "పాసయ్యారు కదా మేడమ్" అంది. "పాసయ్యారు కనకే కదా తీసుకోవాలి?"

అప్పుడు బయటపడింది. ఆవిడ తలుపు రాతలు, కాఫీ షరతులు అన్నీ చెప్పేసింది. మేడమ్ తల పట్టుకుంది. "అయ్యో, మీకెవరూ చెప్పలేదా, ఇంట్లో సాధన చేయించకూడదని?"

"రెండోసారి కూడా వస్తే తీసుకుంటామన్నారు. రప్పించాను."

మేడమ్ మంచి మనిషే. కోప్పడలేదు. ఓపిగ్గా చెప్పింది. మనసును కొలవడం బియ్యం కొలిచినట్టు కాదు. నిద్ర చాలకపోయినా, అడిగే మనిషి నచ్చకపోయినా మార్కులు మారతాయి. ఒకసారి వచ్చింది ఆ మనిషి కొలతా, ఆ రోజు కొలతా తెలీదు. అందుకే రెండుసార్లు, ఇద్దరు మనుషులతో. రెండూ దగ్గర దగ్గరగా వస్తేనే నమ్మకం. "క ప్రశ్నలోనే తేడా ఉందని మాకూ ఇప్పుడే తెలిసింది. మొదటి అమ్మాయి ఒట్టి క మాటలకే, రెండో అతను కా కి కీ మాటలకు కూడా మార్కులు వేశారు. ప్రతి కొలతలోనూ కొంత దోషం ఉంటుందమ్మా."

"ఎవరి దోషం మేడమ్?"

"ఎవరిదీ కాదు. కొలతది."

"అయితే ఆయన మీద ఎందుకు తోస్తున్నారు?" ఆవిడ బల్ల మీదికి వంగింది. "ఆయన్ని ఇప్పుడే పిలిచి, పొద్దున ఏం తిన్నారో అడగండి. మా వీధి పేరడగండి. నేను నేర్పింది తప్ప ఇంకేదైనా అడగండి! మీ కాళ్లు పట్టుకుంటాను."

మేడమ్ గబుక్కున లేచి ఆవిడ చేతులు పట్టుకుంది. ఒక్కరికి సడలిస్తే రేపు మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియకుండా పోతుందని, అప్పుడు అందరి నోటా మట్టేనని చెప్పింది. కానీ ఒక దారి చూపింది. వేరే మాటలతో ఇంకో ప్రశ్నపత్రం తెలుగులో సిద్ధమవుతోంది. చేర్చుకునే గడువులోపలే వస్తుంది. దానితో ఒక్కసారి అడుగుతాం, అదే ఆఖరు. ఏమీ నేర్పొద్దు. "ఇంకోటి కూడా వినండి. గీత కింద ఉండాలిగానీ, మరీ అడుగుకి పోకూడదు. కింద ఇంకో గీత ఉంది. అది దాటితే ముదిరిన దశ అని లెక్క. అప్పుడూ తీసుకోం."

ఇంటికొచ్చి తలుపు మీది రాతలు తడిగుడ్డతో తుడిచింది. కానీ నేర్పడం చేతనవుతుందిగానీ, నేర్పింది మరిపించడం ఎవరికి చేతనవుతుంది? ఆయనకు గెలుపు రుచి తగిలింది. మిద్దె మీద బట్టలారేస్తూ తాళం మేఘం గొడుగు. గడ్డం గీసుకుంటూ కలం కాకి కిటికీ. "చాలండీ, ఆపండి" అంటే "నువ్వేగా నేర్పావు" అని ఇంకా గట్టిగా చెప్పేవాడు. ఆవిడ చెవులు మూసుకుని స్నానాలగదిలో దూరి ఏడ్చేది. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని అనాలి? ఈ లోపల జబ్బు మాత్రం ఆగలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మధ్యలో మర్చిపోయి, రెండు చేతులతో చొక్కా పట్టుకుని అలాగే నిలబడేవాడు.

ఆడపడుచు ఒకరోజు కత్తెర కింద పెట్టి అనేసింది. "వదినా, జన్మంతా పాసవడం నేర్పావు. ఒక్కసారి ఫెయిలవడం నేర్పలేవా? తెలీదు అని అనమను. ఒక్క మాటేగా!"

"నోరు ముయ్యి" అంది గుణింతం టీచరు. "ఏ పిల్లాడికీ తప్పు చెప్పమని నేర్పలేదు నేను."

"ఇప్పుడు నీతులు చూసుకుంటే అన్నయ్య మిగులుతాడా?"

ఆ మాట ఆవిడ గుండెలో దిగబడింది. మూడు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. గీత కింద వస్తాడో రాడో. ఆ రోజు మనసు బాగుండి పైకి పోతే? ఒక్క మార్కుతో పోతే? నాలుగో రోజు పొద్దున ఆయనకు గుండీలు పెడుతూ, కళ్లలోకి చూడకుండా చెప్పింది.

"ఏవండీ. అక్కడ మాటలు గుర్తు చేసి చెప్పమంటారు చూడండి, వాటికి మాత్రం తెలీదు అనండి. మిగతావన్నీ మామూలుగా చెప్పండి."

ఆయన ఆవిడ చేతులను చూశాడు. "నేను తప్పాలా?"

"తప్పడం కాదండీ..."

"నువ్వే తప్పమంటున్నావా?" అన్నాడు. కోపం లేదు, వింతగా అడిగాడు. ఆవిడ తల దించుకుని ఇంకో గుండీ పెట్టింది. "సరే. నువ్వు చెబితే సరే" అని తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు మళ్లీ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. గుర్తుండాలి కదా. మొద్దు పిల్లలకు నూరిపోసినట్టే నూరిపోసింది. "ఏమనాలి?" "తెలీదు అనాలి." "వచ్చిందా?" "వచ్చింది."

పరీక్షరోజున మొదటి అమ్మాయే అడిగింది. తలుపు మూశారు. గుణింతం టీచరు వరండాలో కుర్చీ అంచున కూర్చుంది. అనుకున్నదానికన్నా చాలా త్వరగా తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చి, పక్కన కూర్చుని, ఆవిడ మోచేతిని చిన్నగా పొడిచాడు. బడిలో మొదటి మార్కు తెచ్చుకున్నవాడి ముఖం.

మేడమ్ ఈసారి కళ్లజోడు తీయలేదు. "అన్నిటికీ తెలీదన్నారమ్మా. మాటలు అడిగినా, నెల అడిగినా, ఆయన పేరు అడిగినా. మీతో వచ్చినావిడ ఎవరు సార్ అని మా అమ్మాయి అడిగితే, దానికీ తెలీదన్నారు."

"నేను... మాటలకి మాత్రమే అనమన్నాను" అంది ఆవిడ. ఇక దాచడానికి ఏముంది?

మేడమ్ కాగితాలు మూసి పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అడిగింది. "నటించారనుకుంటే మేం తీసుకోకూడదు. నిజమే అనుకుంటే అడుగు గీత కూడా దాటిపోయారు, అప్పుడూ తీసుకోకూడదు. పోనీ మీరే చెప్పండి. ఇందులో ఆయనది ఎంత, మీది ఎంత?"

గుణింతం టీచరు వరండాలో కూర్చున్న భర్త ముఖం వైపు చూసింది. జన్మంతా పిల్లల ముఖం చూసి వీడికి వచ్చిందో రాలేదో చెప్పిన మనిషి. ఈ ముఖం మాత్రం చదవడం రాలేదు. బల్ల అంచు పట్టుకుని, "ఇంకొక్కసారి మేడమ్" అంది. అనకూడదని తెలిసి కూడా అంది. మేడమ్ కళ్లు తడి అయ్యాయిగానీ తల అడ్డంగానే ఊగింది. గడువు అయిపోయింది, ఇంకో ప్రశ్నపత్రం లేదు.

బయట మెట్ల దగ్గర ఎండ చురచురలాడుతోంది. ఆయన చేతులు ఊపుకుంటూ దిగుతున్నాడు. ఆవిడ ఆఖరి మెట్టు మీద ఆయన్ని ఆపింది. జనం అటూ ఇటూ పోతున్నారు, ఆవిడకు పట్టలేదు.

"ఏవండీ. ఇటు చూడండి. నేనెవర్ని?"

"తెలీదు" అన్నాడు ఆయన, హుషారుగా.

"పరీక్ష అయిపోయిందండీ. ఇక్కడెవరూ రాసుకోవడం లేదు. ఆ పాఠం అయిపోయింది, మర్చిపోండి. నిజం చెప్పండి. నేనెవర్ని?"

ఆయన నవ్వు సగంలో ఆగింది. ఆవిడ కళ్లను చూశాడు, పెదవులను చూశాడు, మళ్లీ కళ్లను చూశాడు. జవాబు రాని పిల్లలు టీచరు ముఖంలో దాన్ని వెతుక్కున్నట్టే వెతికాడు.

"ఏది చెబితే రైటు?" అన్నాడు.

ఆవిడకు జవాబు నోటిదాకా వచ్చింది. ఒక్క మాట అందిస్తే ఆయన వెంటనే చెప్పేస్తాడు, తప్పు లేకుండా, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెబుతాడు. అందించలేదు. ఆయన చెయ్యి వదలకుండా, ఆయన ముఖంలోకి చూస్తూ, పెదవులు బిగపట్టుకుని అక్కడే నిలబడింది.